లండన్ చూడటానికి టూరిస్టు బస్సా, ఎర్ర బస్సా: ఏది మేలు?

ఎండలు మొదలైతే చాలు, నన్నందరూ ఒకటే అడుగుతారు. "అమ్మావాళ్లు వస్తున్నారు, ఆ హాప్ ఆన్ హాప్ ఆఫ్ బస్సు టికెట్లు తీసేయమంటావా?" అదే, ఒకే టికెట్‌తో కావాల్సిన చోట దిగి, మళ్లీ ఎక్కగలిగే టూరిస్టు బస్సు. లండన్ ఈస్ట్ హామ్‌లో మాకు తెలిసిన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. అందరి తల్లిదండ్రులూ మే, ఆగస్టు మధ్యే దిగుతారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి అలిసిపోయాను కాబట్టి ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నాను.

2024 జూన్‌లో మా అమ్మానాన్న వచ్చినప్పుడు రెండూ చేశాం. మొదటిరోజు టూరిస్టు బస్సు, మూడోరోజు మామూలు సిటీ బస్సు. మన దగ్గర ఎవరినైనా ఎగతాళి చేయాలంటే "ఎర్ర బస్సెక్కి వచ్చావా" అంటాం కదా, ఇక్కడ సిటీ బస్సులన్నీ ఎర్రవే. ఆ మాట చెబితే నాన్న రోజంతా నవ్వుతూనే ఉన్నారు.

డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం, అందులో పెద్ద చర్చేమీ లేదు. టూరిస్టు బస్సుకి రోజుకి మనిషికి 40 పౌండ్ల దరిదాపు అవుతుంది. ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే కాస్త తగ్గుతుంది. మా ముగ్గురికీ కలిపి వంద దాటింది. సిటీ బస్సులో అప్పుడు టికెట్ 1.75 పౌండ్లు. బస్సెక్కేటప్పుడు అక్కడి మిషనుకి మొదటిసారి బ్యాంకు కార్డు తాకించిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ డబ్బు పడదు. రోజంతా తిరిగినా బస్సులకి అప్పుడు 5.25 పౌండ్లు దాటి తీసుకునేవారు కాదు. అంటే ముగ్గురికీ కలిపి 15.75. పదకొండేళ్లలోపు పిల్లలకి బస్సులో అసలు టికెట్టే లేదు. మా అమ్మ ఈ రెండు అంకెల్నీ రూపాయల్లోకి మార్చి చూసుకుని కాసేపు నాతో మాట్లాడలేదు.

అయితే ఐదువేల మైళ్లు ఎగిరి వచ్చినవాళ్ల దగ్గర వంద పౌండ్లకి వెనకాడటం నాకూ ఇష్టం లేదు. అందుకే ధరని బట్టి తేల్చకండి. నా లెక్కలో తేల్చేది ఒక్కటే: ఆ రోజు మీరు ఎన్నిసార్లు దిగుతారు?

వినడానికి తిక్కగా ఉంటుంది. దిగి ఎక్కడానికేగా ఆ బస్సు అంటారు. ఎక్కి చూడండి తెలుస్తుంది. మేం పొద్దున టవర్ ఆఫ్ లండన్ కోట దగ్గర ఎక్కాం. పైన కప్పు లేదు, అద్దాలు లేవు. టవర్ బ్రిడ్జి మీదికి వెళ్లినప్పుడు తలెత్తితే ఆ రెండు బురుజులూ మన నెత్తిమీదే ఉన్నట్టుంటాయి. ఈ ఒక్క అనుభవం సిటీ బస్సు ఇవ్వలేదు. 78వ నంబరు బస్సు కూడా అదే వంతెన దాటుతుంది కానీ అందులో తలెత్తితే కనబడేది బస్సు కప్పే. మొదటి గంట నిజంగా బాగా గడిచింది. జూన్ అయినా నాన్న మంకీ క్యాప్ పెట్టుకున్నారు, అది వేరే సంగతి.

తర్వాత వెస్ట్‌మిన్‌స్టర్‌లో దిగాం. పార్లమెంటు, బిగ్ బెన్, ఫొటోలు, అంతా కలిపి ఇరవై నిమిషాలు. తర్వాతి బస్సు కోసం ఇరవై అయిదు నిమిషాలు నిలబడ్డాం. వచ్చింది, పైన ఖాళీ లేదు. కింద కూర్చున్నాం. కింద కూర్చుంటే అది కూడా మామూలు బస్సే, పైగా చుట్టూ తిరిగి పోయే బస్సు. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో మళ్లీ దిగాం, మళ్లీ అదే కథ. ఒక స్టాపులో ఒక కంపెనీ బస్సు వచ్చింది గానీ మా టికెట్ వేరే కంపెనీది. మధ్యాహ్నం మూడింటికి అమ్మ తేల్చేసింది: "ఒరేయ్, ఇంక దిగొద్దురా. దిగితే మళ్లీ ఎప్పుడెక్కుతామో." అప్పట్నించి ఎవరం దిగలేదు. మాలాగే చాలామంది సీట్లకి అతుక్కుపోయి కూర్చున్నారు. మంచి సీటు దొరికాక దాన్ని వదులుకుని దిగేదెవరు?

సాయంత్రం ఐదున్నరకి బస్సులు ముగించేశారు. జూన్‌లో లండన్‌లో రాత్రి తొమ్మిది దాటాక గానీ పొద్దు గుంకదు. అంటే డబ్బు కట్టిన రోజులో మూడున్నర గంటల వెలుగు ఉత్తినే పోయింది.

కాబట్టి నా మాట ఇదీ: హాప్ ఆన్ హాప్ ఆఫ్ బస్సు దిగనివాళ్లకి మంచిది. పొద్దున్నే తొలి బస్సుల్లో ఒకటి పట్టుకుని, పైన ముందు సీట్లో కూర్చుని, ఎక్కడా దిగకుండా ఒక చుట్టు తిరిగి రండి. రెండు, రెండున్నర గంటలు పడుతుంది. ఊరి నక్షా బుర్రలోకి ఎక్కుతుంది. ఏది లోపలికి వెళ్లి చూడాలో, ఏది బయట నుంచి చాలో అప్పుడే తేలిపోతుంది. టికెట్ 24 గంటలదో, ఆ తేదీ వరకేనో చూసి కొనండి. 24 గంటలదైతే మధ్యాహ్నం మొదలుపెట్టి, మర్నాడు పొద్దున మిగతాది పూర్తి చేయొచ్చు.

మూడోరోజు ఎర్ర బస్సు. ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర 15వ నంబరు బస్సు ఎక్కాం. పైన ముందు సీటు, ఎదురుగా నిలువెత్తు అద్దం. స్ట్రాండ్, ఫ్లీట్ స్ట్రీట్, సెయింట్ పాల్స్ చర్చి, మాన్యుమెంట్, చివరికి టవర్. టూరిస్టు బస్సు తిప్పే దారిలో సగం ఇదే. సెయింట్ పాల్స్ దగ్గర దిగి, చుట్టూ తిరిగి, తర్వాతి 15 ఎక్కేసరికి గంట కాలేదు, కార్డు తాకిస్తే సున్నా పడింది. ఒకటి పోతే పది నిమిషాల్లో ఇంకోటి వస్తుందన్న ధైర్యం ఉంటే మనిషి నిమ్మళంగా తిరుగుతాడు. ఆరోజు ఏడుసార్లు దిగాం. అమ్మ ఒక్కసారీ విసుక్కోలేదు.

పాత వ్యాసాల్లో 11వ నంబరు ఎక్కమని రాసి ఉంటుంది. 2023లో దాని దారి మార్చారు, సెయింట్ పాల్స్ వైపు ఇప్పుడు రాదు. లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి సెయింట్ పాల్స్, ట్రఫాల్గర్, వెస్ట్‌మిన్‌స్టర్ మీదుగా విక్టోరియా పోవాలంటే 26 ఎక్కాలి. కెన్సింగ్టన్, రాయల్ ఆల్బర్ట్ హాల్ వైపుకి 9. ఇక నాకిష్టమైనది 24: పిమ్లికో నుంచి పార్లమెంటు, ట్రఫాల్గర్ మీదుగా కామ్డెన్ దాటి హాంప్‌స్టెడ్ దాకా పోతుంది.

24 ఇష్టం కావడానికి ఒక కారణం ఉంది. అది టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డు మీదుగా పోతుంది, అక్కణ్ణించి బ్రిటిష్ మ్యూజియం నాలుగడుగులు. మాది గుంటూరు జిల్లా. 33ఏ గదిలో అమరావతి స్తూపం శిల్పాలున్నాయి, 1880 నుంచీ ఆ మ్యూజియంలోనే ఉన్నాయి. ప్రవేశం ఉచితం. నాన్న అక్కడ గంటన్నర ఉన్నారు. ఒక పలక ముందు నిలబడి, "మన ఊరి నుంచి బస్సెక్కితే గంటలో అమరావతి, ఇది చూడ్డానికి ఇంత దూరం రావాలా" అన్నారు. కోహినూర్ కూడా అంతే కదా. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెబుతారు, ఇప్పుడు టవర్‌లో 1937 నాటి కిరీటంలో ఉంది. ఆభరణాల గదిలో కదిలే పట్టీ మీద నిలబెట్టి ముందుకి జరుపుతారు. నాన్న దిగి, వెనక్కొచ్చి, రెండోసారి ఎక్కారు. టవర్ లోపలికి టికెట్ వేరే, అప్పుడు 35 పౌండ్ల దాకా అయింది.

తెలుగువాళ్లకి లండన్‌లో చూడాల్సినవి భవనాల లోపలున్నాయి. బస్సు మీంచి చూసేవి గోడలు. టూరిస్టు బస్సులో ఇయర్‌ఫోన్ వ్యాఖ్యానం తెలుగులో ఉండదు. మైకులో మాట్లాడే గైడుంటే, ఆ యాసలో వేసే జోకులకి చుట్టూ అందరూ నవ్వుతుంటే మా అమ్మ నా మొహం చూసేది. అనువాదం నేనే చేయాలి. ఆ పని ఎర్ర బస్సులో కూడా చేయొచ్చు.

ఎర్ర బస్సుకీ ఇబ్బందులున్నాయి. డబ్బులిస్తే తీసుకోరు, 2014 నుంచే నగదు బంద్. మనిషికో కార్డు కావాలి. మన బ్యాంకు కార్డయితే అంతర్జాతీయ కాంటాక్ట్‌లెస్ చెల్లింపులు ఊర్లో ఉండగానే ఆన్ చేసుకుని రావాలి. పొద్దున కార్డు, మధ్యాహ్నం ఫోను తాకిస్తే రెండూ వేర్వేరు లెక్కలోకి పోతాయి, రోజు పరిమితి పనిచేయదు. రోడ్డు పని జరుగుతుంటే బస్సు ఉన్నట్టుండి దారి మళ్లుతుంది, ఎందుకో ఎవరూ విడమరిచి చెప్పరు. అందుకే పక్కన ఊరు తెలిసినవాళ్లు ఉండాలి. మీరు ఆఫీసుకి పోయి, పెద్దవాళ్లిద్దరినే పంపాలనుకుంటే మాత్రం మారుమాట లేకుండా టూరిస్టు బస్సే. ఒకే టికెట్, ఒకే మ్యాపు, ఎక్కడ ఎక్కినా తిరిగి అక్కడికే వస్తుంది. మీకు టెన్షన్ ఉండదు.

మోకాళ్ల సంగతి కూడా చూసుకోండి. రెండు బస్సుల్లోనూ పైకి మెట్లున్నాయి, నిలువుగా ఉంటాయి, బస్సు కదులుతుండగా ఎక్కడం ప్రమాదం. పైకి ఎక్కలేనివాళ్లకి 40 పౌండ్ల టికెట్ దండగ. బాత్రూం రెండింట్లోనూ ఉండదు. ట్రఫాల్గర్ దగ్గర నేషనల్ గ్యాలరీ ఉచితం, అక్కడి బాత్రూములు శుభ్రంగా ఉంటాయి. మేం పులిహోర డబ్బా తీసింది కూడా దాని ముందు మెట్ల మీదే.

మిగతావి చెప్పాలంటే, ట్యూబు, అంటే భూగర్భ రైలు, చేరుకోవడానికే గానీ చూడటానికి కాదు, పైగా అన్ని స్టేషన్లలో లిఫ్టుల్లేవు. టాక్సీ మీటరు చూస్తూ ఊరు చూడలేరు. థేమ్స్ పడవ మాత్రం ఒక్కసారైనా ఎక్కండి, వెస్ట్‌మిన్‌స్టర్ నుంచి గ్రీనిచ్ దాకా. కొన్ని టూరిస్టు బస్సు టికెట్లలోనే అది కలిసి వస్తుంది, కొనేముందు చూసుకోండి.

వచ్చే నెల మా అత్తగారూ మామగారూ వస్తున్నారు. ఆవిడ కూర్చుంటే లేవరు, లేస్తే నడవరు, కానీ మెట్లెక్కడానికి ఇబ్బంది లేదు. ఆయనకి దారంతా ఏదో ఒకటి చూపిస్తూ ఉండాలి. అందుకే ఈసారి టూరిస్టు బస్సే బుక్ చేశాను, ఒక్కరోజుకి, మంగళవారం. సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో బకింగ్‌హామ్ ప్యాలెస్ దగ్గర సైనికుల కాపలా మార్పు ఉంటుంది, ఆ పూట అటువైపు రోడ్లు మూసేస్తారు. తొమ్మిదిన్నరకల్లా టవర్ స్టాపులో ఉండాలని ఆవిడకి ఇప్పట్నించే చెబుతున్నాను.