లండన్ వెళ్తే పాత ఆపరేషన్ థియేటరా, హంటేరియన్ మ్యూజియమా?

కొడుకో కూతురో లండన్‌లో ఉండి, వేసవికి అక్కడికి బయల్దేరే అమ్మానాన్నలు ఇప్పుడు హనుమకొండలో వాడకు ఇద్దరు ముగ్గురు. మా నర్సింగ్ పిల్లలు కూడా ఉద్యోగాలకు అటే పోతున్నారు. వాళ్ళంతా నన్ను అడిగేది ఒక్కటే. "సిస్టర్, మీరు రెండూ చూసొచ్చిండ్రు కదా. మాకు ఒక్కదానికే టైం ఉంది, ఎటు పోవాలె?" వంతెనలు, రాజుగారి కోట లాంటివి వేరేవాళ్ళను అడుగుతారు. ఓటీలో, అంటే ఆపరేషన్ థియేటర్‌లో, నర్సుగా పనిచేసి రిటైరయ్యాను కాబట్టి సర్జరీ మ్యూజియాల లెక్క మాత్రం నా దగ్గరికొస్తుంది. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పలేక రాసి పెడుతున్నాను.

ముందు హంటేరియన్ సంగతి. గూగుల్ మ్యాప్‌లో వట్టి హంటేరియన్ అని కొడితే గ్లాస్గోలో ఉన్నది కూడా చూపిస్తుంది, అది అన్న విలియం హంటర్‌ది. మనకు కావలసింది తమ్ముడు జాన్ హంటర్‌ది. లండన్‌లో లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ దగ్గర, రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ భవనంలో ఉంది. టికెట్ లేదు. జాన్ హంటర్ (1728–1793) కోసి చూడందే ఏదీ నమ్మని సర్జన్. మనిషీ, జంతువూ, పక్షీ ఏది దొరికినా కోసి, భాగాలు తీసి, స్పిరిట్‌లో పెట్టి దాచాడు. ఆయన పోయాక 1799లో ఆ సేకరణను బ్రిటిష్ ప్రభుత్వం కొన్నది. 1941 బాంబు దాడిలో చాలా భాగం నాశనమైంది. మిగిలినదే ఇప్పటికీ వేలల్లో ఉంది. 2017లో మూసేసి, మొత్తం కొత్తగా కట్టి 2023 మేలో తెరిచారు.

అక్కడ తప్పకుండా నిలబడి చూడాల్సినవి ఈవ్‌లిన్ పలకలు. 17వ శతాబ్దంలో ఇటలీలోని పడువాలో తయారైనవి. మనిషి శరీరంలోంచి నరాలను, రక్తనాళాలను విడదీసి చెక్క పలకల మీద పరిచి అతికించారు. వేర్లతో సహా పీకి ఆరబెట్టిన మొక్కలా ఉంటాయి. నరం సన్నబడుతూ పోయి వేలి చివర మాయమయ్యేదాకా తెగకుండా తీసిన చెయ్యి ఎవరిదోగానీ దండం పెట్టాలనిపిస్తుంది.

వెనకట ఈ మ్యూజియం చూసొచ్చినవాళ్ళు చార్లెస్ బర్న్ ఎముకల గూడు గురించి చెబుతారు. ఏడున్నర అడుగుల పైచిలుకు ఎత్తున్న ఐర్లండ్ మనిషి. తన శవాన్ని సముద్రంలో కలపమని కోరుకున్నాడు. 1783లో అతను చనిపోతే హంటర్ డబ్బులిచ్చి ఆ శవాన్ని దక్కించుకున్నాడు. రెండు వందల ఏళ్ళు జనం దాన్ని చూశారు. 2023లో తెరిచినప్పటి నుంచీ దాన్ని బయట పెట్టడం లేదు. మంచి పనే చేశారు. దాని కోసమే పోవాలనుకుంటే మాత్రం ఆ ఆశ వదులుకోండి.

మీ వాడు ఎంబీబీఎస్ రెండో సంవత్సరంలో ఉండి పాథాలజీ చదువుతుంటే ఇక ఆలోచించకుండా హంటేరియన్‌కే పంపండి. మిగతావాళ్ళకు మాత్రం నేను పాత ఆపరేషన్ థియేటరే చెబుతాను. సీసాల్లో భాగాలు చూడటానికి లండన్ దాకా పోనక్కర్లేదు. ప్రతి మెడికల్ కాలేజీలో అనాటమీ మ్యూజియం ఉంటుంది, వరంగల్‌లో చదివిన పిల్లలు మొదటి ఏడాదంతా వాటి మధ్యే తిరుగుతారు. హంటర్ సీసాలు పాతవి, గొప్పవి. చూసే పద్ధతి మాత్రం అదే. సీసా, పక్కన చీటీ, తర్వాత ఇంకో సీసా.

పాత ఆపరేషన్ థియేటర్‌లో చూడాల్సింది ఒక గది. లండన్ బ్రిడ్జ్ స్టేషన్ పక్కన, సెయింట్ థామస్ చర్చి అటక మీద ఉంది. ఆ చర్చి అప్పట్లో సెయింట్ థామస్ ఆస్పత్రి ఆవరణలోది. అటకలో ఆస్పత్రి మందులకు మూలికలు ఆరబెట్టేవాళ్ళు. ఆడవాళ్ళ సర్జికల్ వార్డు సరిగ్గా ఆ ఎత్తులోనే పక్కన ఉండేది. అందుకని 1822లో అటకలోనే థియేటర్ కట్టి, వార్డు నుంచి పేషెంటును నేరుగా తెచ్చేవాళ్ళు. 1862లో ఆస్పత్రి అక్కడి నుంచి వెళ్ళిపోయింది, గదిని మూసేశారు, అందరూ మర్చిపోయారు. 1956లో రేమండ్ రస్సెల్ అనే ఆయన వెతికి పట్టుకున్నాడు. 1962 నుంచి మ్యూజియం.

మధ్యలో చెక్క బల్ల. దాని కింద రంపపు పొట్టు పెట్టె, కారే రక్తం కోసం. పైన అద్దాల కప్పు, దీపం లేదు, పగటి వెలుగే. చుట్టూ గుర్రపు నాడా ఆకారంలో మెట్లు మెట్లుగా కటకటాలు, వాటి మీద విద్యార్థులు కిక్కిరిసి నిలబడేవాళ్ళు. గది చిన్నది. పై వరసలో ఉన్నవాడికి కూడా బల్ల మీది మనిషి ముఖం కనిపిస్తుంది. ఆ మనిషి ఎప్పుడూ ఆడమనిషే, పేదదే. డబ్బున్నవాళ్ళు సర్జన్‌ను ఇంటికి పిలిపించుకునేవాళ్ళు.

నా మటుకు తేల్చే సంగతి ఇదే. ములుగు నుంచో భూపాలపల్లి నుంచో వచ్చిన తల్లి మంచం చుట్టూ పదిమంది హౌస్ సర్జన్లు మూగి, పొట్ట నొక్కి చూస్తూ, ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే ఆమె ఎవరి ముఖం చూడాలో తెలియక నా ముఖం చూసేది. చాలాసార్లు చూశాను ఆ చూపు. వైద్యం ఉచితం, బదులుగా నీ ఒళ్ళు డాక్టరు పిల్లల చదువుకు అనే ఆ ఒప్పందం ఎంత పాతదో ఏ సీసా చెప్పదు. ఆ కటకటాల దగ్గర ఒక్క నిమిషం నిలబడితే తెలుస్తుంది.

ఇంకోటి, తారీఖులు కాస్త కలిపి చూడండి. ఈథర్ మత్తుతో మొదటి బహిరంగ ఆపరేషన్ 1846 అక్టోబరులో బోస్టన్‌లో జరిగింది, డిసెంబరుకల్లా లండన్‌లో రాబర్ట్ లిస్టన్ అనే సర్జన్ ఈథర్‌తో కాలు తీశాడు. గాయంలో క్రిములను చంపే కార్బాలిక్ యాసిడ్ పద్ధతి, లిస్టర్ అనే ఇంకో సర్జన్‌ది, అచ్చయింది 1867లో. అంటే ఈ గది నడిచిన నలభై ఏళ్ళలో మొదటి ఇరవై నాలుగేళ్ళు మత్తు లేదు, చివరిదాకా క్రిమి అనే ఆలోచన లేదు. మత్తు లేనప్పుడు సర్జన్ గొప్పంతా వేగంలోనే, కాలు నిమిషాల్లో తీసేయాలి. మత్తు వచ్చాక అరుపులు ఆగాయి, నిదానంగా కోయడం కుదిరింది. చీము మాత్రం ఆగలేదు.

నా ఉద్యోగమంతా ఆ చీము రాకుండా చూడటమే. చేతులు మోచేతుల దాకా కడగడం, సామాన్లను ఆవిరితో శుభ్రం చేసే ఆటోక్లేవ్ డ్రమ్ములు, కుట్లు వేసేముందు రక్తం అద్దే గాజ్ గుడ్డల లెక్క. ఆ గదిలో వాటికి చోటే లేదు. కోటు మార్చుకునే అలవాటు కూడా లేదు, రక్తం ఎండి గట్టిపడ్డ కోటుతోనే తర్వాతి కేసు. మామూలు టూరిస్టు రంపాన్ని చూసి భయపడతాడు. ఓటీలో పనిచేసినవాళ్ళకు అక్కడ ఏం లేదో వెతుక్కుంటుంటేనే టెన్షన్ వస్తుంది.

నర్సులకైతే ఇంకో కారణం ఉంది. ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరున నర్సింగ్ స్కూలు 1860లో మొదలైంది ఈ ఆస్పత్రిలోనే, ఇదే ఆవరణలో. మొదటి బ్యాచ్ అమ్మాయిలు చదువుకుంటున్నప్పుడు ఈ థియేటర్ ఇంకా నడుస్తూనే ఉంది.

మత్తు అనగానే మనవాళ్ళు కూడా బోస్టన్, ఎడిన్‌బరో అంటారు, హైదరాబాద్ గుర్తుకు రాదు. 1888, 1889ల్లో నిజాం ప్రభుత్వ ఖర్చుతో క్లోరోఫాం అనే మత్తుమందు ప్రాణం ఎలా తీస్తుందో తేల్చడానికి హైదరాబాద్‌లో రెండు కమిషన్లు పనిచేశాయి. ఇక్కడి సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు. రెండోదానికి లాడర్ బ్రంటన్ అనే డాక్టర్‌ను లండన్ నుంచి రప్పించడానికి నిజాం వెయ్యి పౌండ్లిచ్చాడు. క్లోరోఫాంతో ముందు ఆగేది శ్వాస, కాబట్టి నాడిని వదిలి శ్వాసను కనిపెట్టుకోండి అని తేల్చారు. అది గుండెను కూడా నేరుగా దెబ్బతీస్తుందని 1911లో లెవీ అనే డాక్టర్ చూపించాడు. లారీ సగమే పట్టుకున్నాడు కానీ ఆ సగం ఉత్తది కాదు. మా మత్తు డాక్టర్లలో పాతవాళ్ళు మానిటర్లు వచ్చాక కూడా ఒక చెయ్యి పేషెంటు ఊపిరితో ఉబ్బి తగ్గే బ్యాగ్ మీదే ఉంచేవాళ్ళు, ఊపిరి చేతికి తెలియాలని. లారీ కాలంలోనే హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివి మత్తు డాక్టరైన రూపాబాయి ఫర్దూన్‌జీ గురించి మీ పిల్లలకు దారిలో చెప్పండి.

మిగతావి క్లుప్తంగా. సైన్స్ మ్యూజియంలో వెల్‌కమ్ మెడిసిన్ గ్యాలరీలు పెద్దవి, ఉచితం, వాన పడే రోజుకు బాగుంటాయి. నైటింగేల్ మ్యూజియంలో ఆమె లాంతరు, చనిపోయాక లోపల కూరి నిలబెట్టిన ఆమె పెంపుడు గుడ్లగూబ ఉన్నాయి, గంట చాలు. లండన్ పోనివాళ్ళకు హైదరాబాద్ గడ్డిఅన్నారంలో జాతీయ వైద్య వారసత్వ సంస్థ ఉంది, ఫోన్ చేసి వెళ్ళడం మేలు. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ కనుక్కున్న భవనం బేగంపేటలో ఉంది.

ఇక ఎక్కువమంది అడిగే మోకాళ్ళ సంగతి. పాత థియేటర్‌కు ఇరుకైన మెలికల మెట్లు, 52. పట్టుకోవడానికి తాడు ఉంటుంది, ఎదురుగా ఎవరైనా దిగుతుంటే ఇబ్బందే. టికెట్ కూడా ఉంది, మన రూపాయల్లో చూస్తే తక్కువేం కాదు. మోకాళ్ళ ఆపరేషన్ అయినవాళ్ళు, ఆయాసం ఉన్నవాళ్ళు హంటేరియన్‌కే వెళ్ళండి. చిన్న పిల్లలుంటే మాత్రం అక్కడ సీసాల్లో పిండాలు ఉంటాయని ముందే తెలుసుకుని వెళ్ళండి. కడుపుతో ఉన్న కోడలిని తీసుకెళ్ళవద్దనే నా మాట. రెండూ చూసే ఓపిక ఉంటే మెట్లున్నది పొద్దున పెట్టుకోండి, పక్కనే బరో మార్కెట్‌లో ఏదైనా తిని, బస్సెక్కి రెండోదానికి పోవచ్చు. ఏ రోజు తెరిచి ఉంటుందో ఆన్‌లైన్‌లో చూసుకున్నాకే ఇంట్లోంచి కదలండి.