యుద్ధ సమాధుల కమిషన్ రికార్డులు, నందంబాక్కం శ్మశానం: బెటాలియన్ చరిత్ర వెతికేవారికి ఏ మేరకు పనికొస్తాయి?

రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన కామన్‌వెల్త్ సైనికుల సమాధులను, పేర్లను కాపాడే కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకడానికి పైసా ఖర్చు లేదు. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 వరకు చనిపోయినవాళ్లే ఇందులో ఉంటారు. ప్రాణాలతో ఇల్లు చేరిన తాతగారి కోసం ఎంత గాలించినా వృథా. ఒక్క మనిషి కోసం కాక బెటాలియన్ మొత్తం కోసం వాడితేనే దీని విలువ తెలుస్తుంది.

పేరు గడి ఖాళీగా వదిలేయండి. వెంకటస్వామిని ఆనాటి గుమాస్తా ఇంగ్లిషులో ఎలా రాశాడో ఊహిస్తూ కూర్చుంటే తెల్లారుతుంది. రెజిమెంట్ గడి నింపండి. మొదటి యుద్ధానికైతే పాత నంబర్లు: 79వ కర్ణాటిక్ ఇన్‌ఫాంట్రీ, 83వ వాలాజాబాద్ లైట్ ఇన్‌ఫాంట్రీ వగైరా. 1922 పునర్వ్యవస్థీకరణలో ఇవి 3వ మద్రాస్ రెజిమెంట్ కిందికి వచ్చాయి కాబట్టి రెండో యుద్ధానికి ఆ పేరు కొట్టాలి. ఇంట్లో 'మద్రాస్ రెజిమెంట్' అని చెప్పుకునే మనిషి నిజానికి మద్రాస్ సాపర్స్ (ఇంజినీరింగ్ దళం)లోనో, పయనీర్ కోర్ (శ్రామిక దళం)లోనో ఉండి ఉండవచ్చు, అవీ చూడండి.

వచ్చిన జాబితాను ఎక్సెల్‌లోకి దించుకుని మరణ తేదీల వరుసలో పెట్టండి. ఒకే తేదీన పేర్లు గుంపుగా కనిపిస్తే అది పోరు జరిగిన రోజు కావచ్చు. కానీ గల్లంతైన వాళ్లందరికీ ఒకే తేదీ వేసేయడమూ ఉంది. అందుకే లండన్‌లోని క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని యుద్ధ డైరీలతో (దళాల రోజువారీ నమోదులతో) సరిచూడాలి. మొదటి యుద్ధానికి డబ్ల్యూఓ (వార్ ఆఫీస్) 95, బర్మా రంగానికి డబ్ల్యూఓ 172 శ్రేణులు.

అసలు నిధి 'అదనపు సమాచారం' గడి. తండ్రి పేరు, ఊరు, జిల్లా అందులోనే ఉంటాయి, అయితే అన్ని ఎంట్రీలకూ ఉండవు. ఊరి పేరుతో వెతకాలంటే నాటి స్పెల్లింగే కావాలి: ఏలూరుకు ఎల్లోర్, శ్రీకాకుళానికి చికకోల్, విజయవాడకు బెజవాడ. పశ్చిమ గోదావరి జిల్లా పుట్టిందే 1925లో. మొదటి యుద్ధంలో పోయిన ఏలూరు మనిషిని అప్పటి కృష్ణా జిల్లా కింద, అదీ 'కిస్ట్నా' అనే స్పెల్లింగుతో వెతకాలి. ఊరు దొరికాక ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఆ జిల్లా పాత జీవోలు తిరగేయవచ్చు. ఊళ్లో 'ఇంతమంది యుద్ధానికి వెళ్లారు, ఇంతమంది అసువులు బాశారు' అని చెక్కిన పలక ఉంటే ఆ లెక్కతో పోల్చుకోండి.

చెన్నైలో మౌంట్-పూనమల్లి రోడ్డు మీద నందంబాక్కంలో ఉన్న మద్రాస్ యుద్ధ శ్మశానం 1952లో ఏర్పడింది. రెండో యుద్ధపు సమాధులు 850కి పైగా ఉన్నాయి, నిర్వహణకు వంక పెట్టలేం. కానీ బర్మాలో పోయిన తాత ఇక్కడ ఉంటాడనుకుని రావద్దు. ఇవి దక్షిణ, తూర్పు భారతంలోని పాత శ్మశానాల నుంచి తెచ్చిన సమాధులు. బర్మాలో సమాధి లేకుండా పోయినవాళ్ల పేర్లు ఆ దేశంలోనే టౌక్యాన్‌లో ఉన్న రంగూన్ స్మారకం మీద ఉన్నాయి, దాదాపు 27,000. నందంబాక్కంలోని 1914-1918 స్మారకం మీద వెయ్యికి పైగా పేర్లున్నాయి. అవి దేశంలో వేరే చోట్ల, శాశ్వతంగా కాపాడలేని సమాధుల్లో ఉన్నవారివి. బయలుదేరే ముందే వెబ్‌సైట్ నుంచి ప్లాటు, వరుస, సమాధి నంబరు రాసుకోండి.

రికార్డులో తప్పు కనిపిస్తే దిద్దమని కమిషన్‌కు రాయవచ్చు. ఇంట్లో చెప్పుకునే మాట చాలదు. సర్వీసు కాగితమో, పెన్షన్ కాగితమో, నాటి మరొక ఆధారమో జత చేయాలి.