ఆరు సీజన్ల వాడకం తర్వాత 7–45 రెట్ల స్టీరియో మైక్రోస్కోపు: బర్చ్ ఆకుల కందిరీగలకు పనికొస్తుందా?

బర్చ్ ఆకును లోపలి నుంచి తొలిచే రంపపు ఈగలున్నాయి కదా, ఫెన్యూసా, ప్రొఫెన్యూసా. వాటి మీద బతికే పరాన్నజీవి కందిరీగల్ని గుర్తుపట్టడానికే ఈ మైక్రోస్కోపును వాడుతున్నాం. కందిరీగ ఏ కుటుంబానిదో తేల్చేదాకా ఢోకా లేదు. ఆపైన ఇబ్బంది పెట్టేది లెన్సు కాదు, లైటు.

ఇక్న్యూమనిడ్ల కుటుంబాన్ని, అంటే లాథ్రోలెస్టెస్ లాంటివాటిని, పోల్చుకోవడానికి 20 రెట్లు చాలు. ముందు రెక్కలో రెండో రికరెంట్ ఈనె (రెక్క మధ్యలోని ఒక అడ్డ ఈనె) ఉందా అన్నది మొదట చూడాలి. వాటికి దగ్గరి కుటుంబమైన బ్రాకోనిడ్లలో అది ఉండదు. ఆడదాని గుడ్లుపెట్టే సూదికి కొస దగ్గర, పైవైపు ఉండే గాటు 40 దగ్గర కనిపిస్తుంది. పాత లేబుళ్లతో మాత్రం జాగ్రత్త: ప్రొఫెన్యూసా మీది లాథ్రోలెస్టెస్‌ను ల్యుటియోలేటర్ అని రాసేవారు, 2010లో దాన్ని థామ్సోని అనే కొత్త జాతిగా వర్ణించారు.

అసలు పరీక్ష 1–2 మి.మీ. ఉండే మరో కుటుంబం కందిరీగలు, యూలోఫిడ్లతోనే. పాదానికి నాలుగు ఖండాలే ఉన్నాయని 45 దగ్గర లెక్కపెట్టొచ్చు, కాలు చాచి ఉంటేనే. తర్వాత సబ్‌మార్జినల్ ఈనె (ముందు రెక్క మొదట్లో, ముందంచు వెంట ఉండేది) మీది వెంట్రుకలు: రెండే ఉండి, స్క్యుటెల్లం (వీపు మీది చిన్న పలక) మీద ఒక్క జతే ఉంటే ఎంటెడోనినే ఉపకుటుంబం. మూడో, అంతకు మించో ఉంటే ముందు యూలోఫినే ఉపకుటుంబాన్ని చూడాలి. ఇక్కడే రింగ్ లైటు ముంచుతుంది. లోహంలా మెరిసే ఒంటి మీద ఒక్కో ఎల్‌ఈడీ ఒక తెల్లచుక్కై వెంట్రుకల్ని మింగేస్తుంది. నమూనా చుట్టూ 3 సెం.మీ. ఎత్తున ట్రేసింగ్ పేపర్ గొట్టం నిలబెడితే మెరుపు సద్దుమణుగుతుంది. పది రూపాయల పని, ఖరీదైన లైటు కన్నా నయం. 2 రెట్ల అదనపు లెన్సు బిగిస్తే వెంట్రుకలు తేటపడతాయి గానీ, కింద పట్టకారు పెట్టే చోటే మిగలదు.

70 శాతం ఆల్కహాల్‌లోంచి తీసి గాలికి ఆరబెడితే చిన్నవాటి తల లోపలికి కుంగిపోతుంది. ఆల్కహాల్‌లోనే, అడుగున సన్నని ఇసుక పోసి ఆనించి చూడండి.

ఫోకస్ తనంతట తనే కిందికి జారుతుంటే రెండు నాబ్‌లనూ ఎదురెదురుగా తిప్పి బిగించాలి. జూమ్ మార్చగానే మసకబారితే, 45 దగ్గర ఫోకస్ కుదిర్చి, 7కు దించి ఐపీస్ రింగులు సరిచేయాలి.

రంపపు ఈగల లార్వాల్ని ఉప్పునీటి బొట్టులో చీల్చి చూడ్డానికి మాత్రం దీనికి తిరుగులేదు. 30 రెట్ల దగ్గర గట్టి నల్లచుక్క కనిపిస్తే, అది లార్వా రక్తకణాలు చుట్టుముట్టి చంపేసిన కందిరీగ గుడ్డు. పేగులోని ఆకు పిప్పీ నల్లగానే ఉంటుంది, కాకపోతే సూది తగలగానే చెదిరిపోతుంది.