తిన్న వెంటనే వాంతులు: పిల్లల డాక్టరు గారి దగ్గర మా అనుభవం

మా పాపకి రెండేళ్లు. అన్నం తిన్న కాసేపటికే అంతా కక్కేసేది. జ్వరం లేదు, విరేచనాలు లేవు, కక్కాక మళ్లీ ఆటలే. అయినా నాకు టెన్షన్ తగ్గేది కాదు. ఇంతకుముందు చూపించిన చోట వెళ్లిన ప్రతిసారీ వాంతుల సిరప్ రాసి పంపేశారు.

ఈ డాక్టరు గారి దగ్గర అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే పాప తినే గిన్నె, స్పూను, రోజూ తినేదేదో అదీ తెచ్చుకోమన్నారు. ఆవిడ ఎదురుగానే తినిపించాను. ఏమీ మాట్లాడకుండా చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి పాప ముద్ద బుగ్గన పెట్టుకుని మొహం తిప్పేసింది. "ఇక ఆపేయండమ్మా, చాలని చెబుతోంది" అన్నారు. పాప గుప్పిట మూసి, ఖాళీ పొట్ట ఇంచుమించు ఇంతే ఉంటుందని చూపించారు.

తర్వాత అన్నీ ప్రశ్నలే. వాంతి ఏ రంగులో ఉంది, తిన్న ఎంతసేపటికి అవుతోంది, దగ్గు వచ్చాక అవుతోందా, పాలు ఎన్ని తాగుతుంది, మోషన్ ఎలా వెళ్తుంది. పొట్ట ఎడమవైపు కింద నొక్కి, గట్టిపడిన మలం చేతికి తగులుతోందన్నారు. మలబద్ధకం ఉన్నా నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయి వాంతి కావచ్చని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. బరువు, ఎత్తు గ్రోత్ చార్టులో గుర్తుపెట్టి, బాగానే పెరుగుతోంది కాబట్టి ఇప్పుడే స్కానింగ్ అక్కర్లేదన్నారు.

మోషన్ మెత్తబడే మందు ఒక్కటే రాశారు. పాలు రోజుకి అర లీటరు దాటకూడదు, భోజనానికి ముందు అసలు వద్దు. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టాలి, తిన్న వెంటనే గెంతనివ్వకూడదు. వాంతులు మెల్లగా తగ్గాయి. ఇప్పుడు జలుబు చేసి గట్టిగా దగ్గినప్పుడు మాత్రమే అవుతోంది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆవిడ రాసిచ్చిన కాగితం. వాంతి ఆకుపచ్చగా ఉన్నా, రక్తం కనిపించినా, పొట్ట ఉబ్బి నొప్పి పెట్టినా, పిల్ల మత్తుగా పడి ఉన్నా, 6 నుంచి 8 గంటలు మూత్రం పోయకపోయినా వెంటనే ఆసుపత్రికి. పొద్దున లేవగానే తలనొప్పితో వాంతులవుతున్నా, బరువు తగ్గుతున్నా వాయిదా వేయకుండా చూపించాలి. ఆ కాగితం మా ఫ్రిజ్ మీద అంటించాను.

ఒక్క ఇబ్బంది, వెయిటింగ్ చాలా ఎక్కువ. తినిపించి చూపించాలి కాబట్టి పిల్లని ఆకలితోనే కూర్చోబెట్టాల్సి వచ్చింది, ఏడ్చి ఏడ్చి అలిసిపోయింది. వెళ్లేవాళ్లు మొదటి అపాయింట్‌మెంటే అడిగి తీసుకోండి.