విడాకుల కేసుకు ఉచిత లాయరు: ఏం వస్తుంది, ఏం రాదు

అవతలివాళ్లు ఒప్పుకోని విడాకుల కేసు ఏళ్లు నడుస్తుంది. ఫీజు చూసి వెనకాడేవాళ్లకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చే ఉచిత లాయరు నిజంగానే ఒక దారి. ఐదుకి మూడున్నర మార్కులు వేయొచ్చు. పోయిన ఒకటిన్నర ఎక్కడ పోయిందో తెలుసుకుని వెళ్తే మంచిది.

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగుల విషయంలో ఆదాయం చూడరు. మిగతా మగవాళ్లలో చాలామందికి రాష్ట్రం పెట్టిన ఆదాయ పరిమితి అడ్డొస్తుంది. కాబట్టి ఉద్యోగం చేసే భార్యకి లాయరు దొరికి భర్తకి దొరక్కపోవచ్చు. అందులో వింతేం లేదు, చట్టమే అలా ఉంది. తెల్లకాగితం మీద అర్జీ రాసిచ్చినా తీసుకుంటారు. ముందు 15100కి ఫోన్ చేసి కనుక్కోవచ్చు. కోర్టు ఫీజు, సమన్లు పంపడానికి కట్టే ప్రాసెస్ ఫీజు, కాపీల ఖర్చు సంస్థదే. సంస్థ తన జాబితాలోంచి ఇచ్చే ప్యానెల్ లాయరు విడిగా డబ్బడిగితే ఇవ్వక్కర్లేదు. సంస్థ కార్యదర్శికి రాసిస్తే లాయర్ని మార్చమని అడగొచ్చు.

అసలు లోటు పిటిషన్ దగ్గర కనిపిస్తుంది. ప్యానెల్ లాయర్లకి అందే పారితోషికం తక్కువ. కాపురం గొడవంతా కూర్చుని వినే తీరిక అందరికీ ఉండదు. దాంతో 'మానసికంగా, శారీరకంగా హింసించాడు' అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు. పిటిషన్‌లో లేని సంఘటనని తర్వాత సాక్ష్యంలో చెప్తే కోర్టు లెక్కలోకి తీసుకోదు, క్రాస్ ఎగ్జామినేషన్‌లో (ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు) అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు. అందుకని వెళ్లేముందే ఒక కాగితం మీద తేదీల వారీగా రాసుకోండి. 'సంక్రాంతికి పుట్టింట్లో, అన్నావదినల ఎదుట కొట్టాడు, మర్నాడు ప్రభుత్వాసుపత్రిలో చూపించుకున్న చీటీ ఉంది.' తేదీ, చోటు, చూసినవాళ్లు, కాగితం: ఈ నాలుగూ ఉన్న సంఘటనలు ఐదారు ఉన్నా చాలు. దెబ్బల తర్వాత మళ్లీ కలిసి ఉంటే ఆ సంగతీ, ఎందుకు కలిశారన్నదీ దాచకుండా రాయించండి. లేకపోతే క్షమించేశారన్న వాదన వస్తుంది.

విడిచిపెట్టి వెళ్లారన్న కారణానికి పిటిషన్ వేసే రోజుకి ముందు వరుసగా రెండేళ్లు నిండాలి. నడుమ కాపురానికి తిరిగొచ్చి ఉంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. విడిగా ఉన్నంత మాత్రాన సరిపోదు, సరైన కారణం లేకుండా, కాపురం వద్దనుకునే వెళ్లారని రుజువు కావాలి. రమ్మని పంపిన నోటీసు, తిరిగొచ్చిన పోస్టు కవరు ఇక్కడ పనికొస్తాయి. గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది. ఉండలేని పరిస్థితి కల్పించి ఇంట్లోంచి వెళ్లగొడితే, విడిచిపెట్టినవాళ్లు గడప దాటినవాళ్లు కాదు, వెళ్లగొట్టినవాళ్లు.

వాట్సాప్ స్క్రీన్‌షాట్ల ప్రింట్లు తెచ్చి లాయరు చేతిలో పెడితే పని అయిపోదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందులో మొదటి భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. మెసేజ్‌లున్న ఫోన్ అమ్మేయకండి, ఫార్మాట్ చేయకండి.

కేసు నడిచేటప్పుడు భరణం కావాలంటే హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద ఐఏ (కేసు మధ్యలో వేసే అర్జీ) వేయమని మీరే గుర్తుచేయండి. 2020 నాటి రజ్నేష్, నేహా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందే తీసి పెట్టుకోండి. అవతలివాళ్ల చిరునామా సరిగ్గా ఇవ్వండి. తప్పు చిరునామాకి సమన్లు పంపి ఎక్స్‌పార్టే డిక్రీ (అవతలివాళ్లు రాకుండానే ఇచ్చే తీర్పు) తెచ్చుకుంటే, తర్వాత వాళ్లొచ్చి దాన్ని కొట్టేయించే అవకాశం ఉంది.

వాయిదా తేదీ లాయరు చెప్తాడని ఎదురుచూడకండి. కేసు నంబరు పడగానే సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు) అడిగి తీసుకుని ఈ-కోర్ట్స్ యాప్‌లో పెట్టుకోండి. వాయిదాకి ఇటునుంచి ఎవరూ వెళ్లకపోతే పిటిషన్ డిస్మిస్ కావచ్చు, దాన్ని తిరిగి తెరిపించడానికి మళ్లీ అర్జీ, మళ్లీ వాయిదాలు.