కోరాపుట్‌లో ఇల్లు, విశాఖలో ఉద్యోగం: రెండేళ్ళ కిరండూల్ రైలు ప్రయాణంపై నా అభిప్రాయం

విశాఖపట్నం నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వెళ్ళే రైలు గురించి తెలుగులో వచ్చే రాతలు దాదాపు అన్నీ అరకు దగ్గర ఆగిపోతాయి. అవి పొగిడే సొరంగాలు, లోయలు, బొర్రా దగ్గరి మలుపులు పొగడ్తకు తగినవే. అయితే అరకులో పర్యాటకులు దిగిపోయిన తరువాత కూడా ఆ రైలు సాగుతుంది. గోరాపూర్, పాడువా, మాచ్‌ఖండ్ రోడ్డు స్టేషన్ల మీదుగా ఒడిశాలోని మా కోరాపుట్‌కు చేరుతుంది. మా స్టేషనులో ఎక్కేవారిలో విహారానికి వచ్చినవారి కంటే ఆసుపత్రికి, చదువుకు, వ్యాపారానికి, ఉద్యోగానికి వెళ్ళేవారే ఎక్కువ. రెండేళ్ళుగా నేను ఆదివారం రాత్రి కోరాపుట్‌లో ఎక్కి విశాఖకు వెళుతున్నాను, శుక్రవారం రాత్రి విశాఖలో ఎక్కి ఇంటికి వస్తున్నాను. కొండ మీద కాపురం ఉంటూ పట్నంలో కొలువు చేయడం సాధ్యమేనా అని మా ఊరి తెలుగు కుటుంబాల పిల్లలు నన్ను తరచు అడుగుతుంటారు కాబట్టి, ఈ రైలును కిటికీలోంచి కనిపించే అందాన్ని బట్టి కాక, సోమవారం ఉదయం మనిషిని ఏ స్థితిలో ఆఫీసుకు చేరుస్తుందన్న దాన్ని బట్టి ఇక్కడ అంచనా వేస్తున్నాను.

ముందుగా రాత్రి ఎక్స్‌ప్రెస్ సంగతి. వారం వారం తిరిగేవారికి అసలైన ఆధారం ఇదే. భోజనం చేసి, పిల్లలను పడుకోబెట్టి, తీరిగ్గా స్టేషనుకు వెళ్ళి ఎక్కితే తెల్లవారేసరికి విశాఖలో ఉంటాము. ఆదివారం పూర్తిగా ఇంట్లో గడపగలగడం ఎంత పెద్ద సౌఖ్యమో, మధ్యాహ్నానికే సంచి సర్దుకుని బస్సు కోసం బయలుదేరిన రోజులు చూసినవారికి తెలుస్తుంది. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. దారిలో శిమిలిగుడ స్టేషను దగ్గర 996 మీటర్ల ఎత్తుకు ఎక్కి, అక్కడి నుంచి రైలు సముద్రమట్టం దాకా దిగుతుంది. ఇంత దిగుడులోనూ పడుకున్న మనిషికి కుదుపు పెద్దగా తెలియదు, కడుపులో తిప్పదు. ఘాట్ రోడ్డు మలుపుల్లో ప్రతిసారీ వాంతులయ్యే మా అమ్మ ఈ రైల్లో మాత్రం హాయిగా నిద్రపోతుంది. కంటి పరీక్షలకు ఆమెను విశాఖకు తీసుకువెళ్ళవలసి వచ్చినప్పుడల్లా ఈ ఒక్క కారణంగానే రైలును ఎంచుకున్నాను.

స్లీపర్ తరగతిలో ప్రయాణించేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. కార్తీకం నుంచి మాఘం దాకా ఈ కొండల మీద చలి మామూలుగా ఉండదు. ఒక్క కిటికీ సరిగ్గా మూతపడకపోయినా సొరంగాల్లో దూసుకువచ్చే గాలికి చెవులు దిబ్బడ వేస్తాయి. విశాఖ ఉక్కపోతకు తగిన దుస్తులు సంచిలో పెట్టుకుని, ఒంటి మీద ఉన్ని దుస్తులతో, ఒక మందపాటి దుప్పటితో ఎక్కడం మంచిది. తెల్లవారుజామున కొత్తవలస దగ్గరకు వచ్చేసరికి ఆ ఉన్ని దుస్తులన్నీ విప్పవలసి వస్తుంది. ఒక్క రాత్రిలో రెండు రుతువులు దాటే ఈ మార్పుకు నా శరీరం అలవాటుపడడానికి నాలుగు నెలలు పట్టింది, ఆ నాలుగు నెలలూ దగ్గు వదలలేదు.

తిరుగు ప్రయాణంలో అంత సుఖం లేదు. విశాఖలో రాత్రి ఎక్కిన రైలు ఇంకా చీకటి ఉండగానే కోరాపుట్ చేరుతుంది. నిద్ర మధ్యలో లేవాలి, స్టేషను దాటిపోతుందేమోనన్న భయంతో రెండు అలారాలు పెట్టుకోవాలి. స్టేషను ఊరికి కాస్త దూరంగా ఉండడం వల్ల ఆ వేళప్పుడు ఆటో దొరకడం కష్టమవుతుంది. మాలో నలుగురైదుగురు శుక్రవారం ప్రయాణికులం కలిసి ఒక ఆటో అతనితో నెలవారీ ఏర్పాటు చేసుకున్నాము. అతను ఒడియా మనిషే అయినా మాతో తెలుగులోనే మాట్లాడతాడు, మేము అతన్ని ఒడియాలో భాయినా (అన్నా) అని పిలుస్తాము. రైలు ఆలస్యమైనా అతను వేచి ఉంటాడన్న ధైర్యం లేకపోతే, ముఖ్యంగా ఆడవాళ్ళకు, ఈ తిరుగు రైలును నేను సిఫారసు చేయలేను.

సమయపాలన గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ మార్గం ఎందుకు పుట్టిందో తెలియకపోతే ఆలస్యాలు అర్థం కావు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ మార్గాన్ని నిర్మించారు. కొండలను తొలిచి వేసిన ఈ దారిలో 58 సొరంగాలు ఉన్నాయి. ఇక్కడ పట్టాలకు మొదటి యజమాని ఖనిజం, మనిషి ఆ తరువాత వచ్చినవాడు. నిండు బళ్ళు కొండ దిగుతూ, ఖాళీ బళ్ళు ఎక్కుతూ ఉంటే, వాటికి దారి ఇస్తూ ప్రయాణికుల రైలు చిన్న చిన్న స్టేషన్లలో ఆగుతుంది. రెండో లైను పనులు భాగాలుగా సాగుతున్నాయి, అది పూర్తయితే ఈ ఎదురుచూపులు తగ్గుతాయని నా ఆశ. 2025 జనవరి 6న ప్రధానమంత్రి రాయగడ రైల్వే డివిజన్ భవనానికి శంకుస్థాపన చేసినప్పుడు మా ప్రాంతంలో అందరూ సంతోషించారు. మా గోడు వినే కార్యాలయం కొండల మధ్యకే వస్తోందన్నది ఆ సంతోషానికి కారణం.

వర్షాకాలంలో మాత్రం లెక్కలన్నీ మారిపోతాయి. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా మధ్య కొండచరియలు జారి పట్టాల మీద పడితే రైలును రద్దు చేయవచ్చు, లేదా రాయగడ, విజయనగరం మీదుగా మళ్ళించవచ్చు. మళ్ళించిన రైల్లో ఒకసారి నేను విశాఖ చేరేసరికి మధ్యాహ్న భోజన సమయం దాటింది. అందులో ఎవరి తప్పూ లేదు. కొండ జారుతున్నప్పుడు రైలును నడపకపోవడమే సరైన పని. కానీ జూలై నుంచి అక్టోబరు దాకా సోమవారం ఉదయం ముఖ్యమైన సమావేశాలు పెట్టుకోకూడదని నేను ఆ రోజున నేర్చుకున్నాను. ఆఫీసులో కూడా ఆ మాట ముందే చెప్పి, ఆ నాలుగు నెలలూ సోమవారం పనిని మధ్యాహ్నానికి మార్పించుకున్నాను. పై అధికారి ఇందుకు ఒప్పుకోని ఉద్యోగమైతే కోరాపుట్‌లో ఇల్లు ఉంచుకోవడం గురించి మరోసారి ఆలోచించాలి.

రైలు లేని రోజున మిగిలేది 26వ నంబరు జాతీయ రహదారి. ఒడిశాలోని సిమిలిగుడ (రైలు దారిలోని శిమిలిగుడ వేరు), పొట్టంగి, సుంకి దాటి సాలూరు ఘాట్ దిగి, రామభద్రపురం, విజయనగరం మీదుగా వెళ్ళే ఈ దారిలో బస్సు సాధారణంగా రైలు కంటే త్వరగా చేరుస్తుంది. పగటి పూట ఈ ప్రయాణం నాకు ఇష్టమే. రాత్రి పూట, అందులోనూ మంచు కమ్మిన రాత్రి, ఖనిజం లారీల వెనుక ఘాట్ దిగడం నాకు ఇష్టం లేదు. గత ఏడాది ఒక ప్రైవేటు బస్సు సుంకి దాటాక చెడిపోయింది. సిబ్బంది మరో బండి ఏర్పాటు చేయలేదు, డబ్బు తిరిగి ఇవ్వలేదు, ముసలివాళ్ళు, పసిపిల్లలు ఉన్నారని ఎంత చెప్పినా వినిపించుకోలేదు. చివరకు కూరగాయలు తీసుకువెళుతున్న ఒక వ్యాను డ్రైవరు దయతలచి మమ్మల్ని సాలూరు దాకా దింపాడు. ఆ తరువాత ప్రైవేటు రాత్రి బస్సు ఎక్కలేదు. తప్పనిసరి అయినప్పుడు పగలు నడిచే ప్రభుత్వ బస్సునే నమ్ముకుంటున్నాను.

పగటి పాసింజరు ఉద్యోగులకు పనికివచ్చే బండి కాదు. రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరానికి ఆరేడు గంటలు తీసుకుంటుంది, అంటే ఒక పని దినం పూర్తిగా పోతుంది. అయినా మా కొండల వాళ్ళ బతుకు చూడాలంటే ఆ బండే ఎక్కాలి. అల్లం మూటలు, అడ్డాకుల కట్టలు, పనసకాయలు, చోళ్ళ సంచులు సీట్ల కింద నిండిపోతాయి. ఒక చివర తెలుగు, మరో చివర ఒడియా, మధ్యలో మా కొండల వాళ్ళ మాట దేసియా వినిపిస్తాయి. దసరా సెలవుల్లో పిల్లలతో ఆ బండిలోనే వెళతాను. విశాఖ–అరకు మధ్య 2017 ఏప్రిల్‌లో అద్దాల పెట్టెను ప్రవేశపెట్టినప్పుడు మా పిల్లలు కూడా ఎంతో ఆశపడ్డారు. అరకు దాటాక పాడువా వైపు కనిపించే మైదానాలు, వలిసె పూలు పూసే రోజుల్లో పసుపు పరుచుకున్న ఆ వాలులు కూడా అటువంటి పెట్టెలోంచి చూడదగినవే. దాన్ని కోరాపుట్ దాకా నడపాలన్నది నా విన్నపం.

ఇన్ని చిక్కులున్నా ఈ ఏర్పాటును వదులుకోవాలని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. విశాఖలో నేను ఉండేది ఒక చిన్న అద్దె గది. అక్కడ కుటుంబం మొత్తం ఉండాలంటే నా జీతంలో సగం అద్దెకే పోతుంది. ఇక్కడ సొంత పెరడు ఉంది, ఎండాకాలంలోనూ రాత్రి దుప్పటి కప్పుకునే చల్లదనం ఉంది, జగన్నాథుని గుడి గంట వినిపించే దూరంలో అమ్మ ఉంది. వారానికి ఒకసారి తిరిగేవారికి ఈ రైలు సరిపోతుంది. రోజూ తిరగాలనుకునేవారికి ఏ దారీ సరిపోదు.

కొత్తగా మొదలుపెట్టేవారికి టిక్కెట్ల విషయం ఒకటి చెప్పాలి. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషను గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. నవంబరు నుంచి సంక్రాంతి దాకా అరకు పర్యాటకుల వల్ల శుక్రవారం రాత్రి బెర్తులు తొందరగా అయిపోతాయి. అందుచేత ప్రతి శుక్రవారం ఉదయం ఎనిమిది గంటలకు కూర్చుని, అరవై రోజుల లోపు వచ్చే శుక్రవారాల్లో నేను ఇంకా కొననిది ఏదైనా ఉందా అని చూసుకుని ఆ టిక్కెట్టు, దాని తరువాతి ఆదివారం టిక్కెట్టు కలిపి తీసుకుంటాను. ఇప్పటికి సంక్రాంతి వారం దాకా నా బెర్తులు ఖాయమయ్యాయి, పండుగ ముందు రోజు ఒక్కటి మాత్రం ఇంకా వెయిటింగ్ లిస్టులో ఉంది.