ఫొటోగ్రాఫర్ దృష్టిలో తెల్ల రిబ్ బనియన్

పురుషుల పోర్ట్‌ఫోలియో చిత్రాలు తీసేవారికి బట్టల దుకాణాల్లో రెండు వందల రూపాయల లోపే దొరికే తెల్లని రిబ్ బనియన్ (నిలువు గాడులు పడేలా అల్లినది) అక్కరకు వచ్చినంతగా ఖరీదైన బ్లేజర్లు కూడా రావని నా అభిప్రాయం. చొక్కా తొడిగితే దేహపు ఆకృతి మరుగున పడుతుంది, పూర్తిగా తీసేస్తే చూసేవారి ధ్యాస కండల కొలత మీదికే పోతుంది. చేతుల్లేని బనియన్‌లో మెడ, భుజాలు, చేతులు నేరుగా కనిపిస్తుండగా ఛాతీ, నడుము మాత్రం గుడ్డ మీద పడిన నీడల ద్వారానే తెలుస్తాయి. దాని ఆకర్షణ చాలావరకు ఇందులోనే ఉంది.

సాదా అల్లికను కాదని రిబ్ అల్లికనే ఎంచుకోవడానికి కారణం దాని నిలువు గాడులు. అవి ఛాతీ మీద విచ్చుకొని, నడుము దగ్గర మళ్ళీ దగ్గరపడుతూ, కొండల ఎత్తుపల్లాలను గీతల్లో చూపే పటంలా దేహపు వంపులను పట్టి ఇస్తాయి. అయితే వెలుగు పక్కనుంచి వస్తేనే ఈ ప్రయోజనం. కెమెరా మీద బిగించిన ఫ్లాష్‌ను ఎదురుగా వెలిగిస్తే గాడుల్లోని నీడలన్నీ చెరిగిపోయి, బనియన్ ఒక తెల్లటి అతుకుగా మిగులుతుంది. కిటికీ పక్కన నిలబెట్టి, 85 మి.మీ. లెన్స్‌తో, కెమెరాను ఛాతీ ఎత్తులో ఉంచి తీసిన చిత్రాలే నాకు ఎక్కువగా నచ్చాయి.

అసలు చిక్కు తెలుపుతోనే వస్తుంది. వెలుగును కొలిచే కెమెరా మీటర్ దృశ్యాన్నంతా సుమారు 18 శాతం వెలుగును తిప్పికొట్టే బూడిద రంగుగా భావించి లెక్క కడుతుంది కనుక, ఫ్రేములో బనియన్ ఎక్కువ భాగం ఆక్రమిస్తే చామనఛాయ ముఖం నల్లబడుతుంది, ముఖాన్ని బట్టి ఎక్స్‌పోజర్ (చిత్రంలోకి తీసుకునే వెలుగు మోతాదు) పెడితే అల్లిక వివరం లేని తెల్లటి మచ్చగా మారిపోతుంది. గుడ్డలో వివరం పోకుండా ఎక్స్‌పోజర్ నిర్ణయించుకొని, నీడ వైపు వెలుగును తిప్పికొట్టే రిఫ్లెక్టర్ పెట్టి, రా ఫైలులో (కెమెరా మార్పులు చేయకుండా దాచే మూల ఫైలు) చర్మపు ఛాయను కొద్దిగా పైకి తీసుకురావడం మేలు. ముదురు ఛాయ గలవారికి బూడిద రంగు బనియన్ ఇంకా బాగా నప్పుతుంది. ఎడిటింగ్‌లో చర్మాన్నే తెల్లబరచమని అడిగేవారి మాట మాత్రం నేను వినను.

నీలం పెట్టి ఉతికిన బనియన్‌ను షూట్‌కు తేవద్దని ముందే చెప్పడం మంచిది. డిటర్జెంట్లలో తెలుపును పెంచే రసాయనాలు కూడా ఫ్లాష్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలకు మెరిసి, గుడ్డకు నీలి ఛాయ తెస్తాయి. చర్మం రంగు చెడకుండా ఆ ఛాయను తీయడం చాలా విసుగు పుట్టించే పని. సన్నని గాడుల వల్ల కొన్ని కెమెరాలలో అలల వంటి చారలు కూడా పడతాయి, అప్పుడు రెండడుగులు ముందుకో వెనక్కో జరిగితే చాలు.

1982లో గ్రీసులోని సాంటొరిని ద్వీపంలో అమెరికన్ ఫొటోగ్రాఫర్ బ్రూస్ వెబర్ కాల్విన్ క్లైన్ అనే దుస్తుల సంస్థ ప్రకటన కోసం పోల్‌వాల్ట్ క్రీడాకారుడు టామ్ హింట్‌నాస్‌ను తీసిన చిత్రంలో ఉన్నది బనియన్ కాదు, తెల్లని లోదుస్తు. అయినా ఎండకు కమిలిన చర్మం పక్కన తెల్లని నూలు గుడ్డ ఎంత బలంగా నిలుస్తుందో తెలుసుకోవడానికి దాన్ని శ్రద్ధగా చూడవచ్చు.

కొనేటప్పుడు 85, 90, 95 అని సెంటీమీటర్లలో ఉండే ఛాతీ సైజులను గమనించాలి. సన్నని యువకులకు ఒక సైజు తక్కువది ఒంటికి హత్తుకుంటుంది, బాడీబిల్డర్లకు మాత్రం సరైన సైజే ఇవ్వాలి, ఎందుకంటే మరీ సాగిన రిబ్ పలచబడి ఒళ్ళు కనబడేలా చేస్తుంది. నేను కొన్న ఒక రకంలో కొన్ని ఉతుకులకే చంకల దగ్గరి పట్టీ వదులై పక్కకు వేలాడింది. కాబట్టి మడతల గుర్తులు పోయేలా ఒక్కసారి ఉతికి ఇస్త్రీ చేసిన కొత్త బనియన్లను షూట్ల కోసమే విడిగా ఉంచుకోవాలి. జిమ్‌లలో వాడే, సన్నని పట్టీలతో పక్కలు పూర్తిగా తెరిచి ఉండే స్ట్రింగర్లను నేను సిఫారసు చేయను: వాటిలో గుడ్డ తగినంత లేదు, ఉన్న కాస్త చోటునూ పెద్ద అక్షరాల నినాదాలు ఆక్రమిస్తాయి.